విడాకుల తర్వాత స్త్రీ పేరు: షరీఅత్ చెప్పేది, చట్టం అడిగేది

ఫత్వా గ్రంథాలలో ఒక చక్కని ఆచారమున్నది. ప్రశ్న అడిగేవారు తమ ఇంటి గుట్టు బయటపెట్టకుండా, పురుషుణ్ణి జైద్ అనో బకర్ అనో, స్త్రీని హిందా అనో వ్యవహరిస్తారు. ఆ ఆచారం ప్రకారమే ఇక్కడా ఒక సమస్యను పాఠకుల ముందుంచవచ్చును.

హిందా వరంగల్ మండీబజారు వాస్తవ్యురాలు. తండ్రి పేరు ఖాలిద్. పదవ తరగతి మార్కుల మెమోలో ఆమె పేరు హిందా ఫాతిమా, తండ్రి ఖాలిద్ అని ఉన్నది. ఆ తర్వాత ఆమెకు బకర్‌తో నికాహ్ జరిగింది. పెండ్లయిన పిదప తీసుకున్న పాస్‌పోర్టులో, బ్యాంకు ఖాతాలో ఆమె హిందా బకర్ అయింది. రేషన్ కార్డులో హిందా బేగం, భర్త బకర్. కొన్నేండ్లకు ఆ వివాహం విడిపోయింది. ఇద్దత్ గడిచింది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోబోతే మెమోలోని స్త్రీ, పాస్‌పోర్టులోని స్త్రీ ఒక్కరేనని రుజువేమిటని అడిగారు. ఇప్పుడు ఆమె పేరేమిటి? దానిని సరిచేసుకోవడం ఎట్లా?

ఈ ప్రశ్నకు షరీఅత్ ఇచ్చే సమాధానం ఒక్క వాక్యమే: ఆమె పేరు ఏనాడూ మారలేదు. కార్యాలయం ఇచ్చే సమాధానం వేరు: మారినట్లు కాగితమున్నది గనుక, తిరిగి మారినట్లు మరొక కాగితం కావాలి. ఈ రెండు సమాధానాలకు నడుమ చిక్కుపడిన స్త్రీలు మన సమాజంలో తక్కువేమీ కాదు. కావున రెండింటినీ విడివిడిగా తెలుసుకొనడం అవసరం.

ఖుర్ఆన్, సున్నత్‌లలో పేరు

వివాహం వల్ల స్త్రీ వ్యక్తిత్వం భర్త వ్యక్తిత్వంలో లీనమైపోదని ఇస్లాం భావన. నికాహ్ ఒక ఒప్పందం. ఆ ఒప్పందం వల్ల ఆమె ఆస్తి భర్తది కాదు. ఆమె మహర్ ఆమెదే. ఆమె వారసత్వ హక్కు తన పుట్టింటిలో యథాతథంగా నిలిచి ఉంటుంది. ఈ సూత్రం పేరుకు కూడా వర్తిస్తుంది.

ఈ విషయంలో మూలాధారం అహ్‌జాబ్ సూరాలోని 5వ ఆయత్. మనుషులను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలనీ, అల్లాహ్ దృష్టిలో అదే న్యాయమైన పద్ధతి అనీ దాని భావం. ఈ ఆజ్ఞ అవతరించిన సందర్భం అందరికీ విదితమే. హజ్రత్ జైద్ (రజి) బాల్యంలో బానిసగా అమ్ముడుపోయి, చివరకు దైవప్రవక్త (స) ఇంటికి చేరారు. దైవప్రవక్త (స) ఆయనకు స్వేచ్ఛనిచ్చి కుమారునిగా పెంచుకున్నారు. జనం ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలవసాగారు. ఈ ఆయత్ అవతరించిన తర్వాత ఆయన మరల జైద్ బిన్ హారిసా అయినారు.

అదే జైద్ (రజి) గారి వివాహం హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి)తో జరిగింది. ఆమె దైవప్రవక్త (స) మేనత్త కుమార్తె. ఆ దాంపత్యం పొసగక విడాకులతో ముగిసింది. ఇద్దత్ గడిచిన పిదప ఆమె దైవప్రవక్త (స) సతీమణులలో ఒకరైనారు. ఈ ఉదంతం అదే సూరాలోని 37వ ఆయత్‌లో ప్రస్తావించబడింది. ఇక్కడ గమనించదగిన విషయమొకటున్నది. ఆ విడిపోయిన జంటలో పేరు సవరణ అవసరమైంది భర్తకు, భార్యకు కాదు. జైద్ (రజి) పేరు పక్కన కన్నతండ్రి కాని వారి పేరు చేరింది గనుక దానిని సవరించవలసి వచ్చింది. జైనబ్ (రజి) మాత్రం పెండ్లికి ముందు బిన్తె జహష్, జైద్ భార్యగా ఉన్నప్పుడు బిన్తె జహష్, విడాకుల తర్వాత బిన్తె జహష్, విశ్వాసుల మాతృమూర్తిగా కూడా బిన్తె జహషే. ఇద్దరు భర్తలలో ఎవరి పేరూ ఆమె పేరులో చేరలేదు.

ఆ మహనీయురాలి జీవితంలోనే మరొక విషయం కూడా ఉన్నది. ఆమె అసలు పేరు బర్రా. పుణ్యవతి అని అర్థమిచ్చే ఆ పేరులో ఆత్మస్తుతి ధ్వనిస్తున్నందున దైవప్రవక్త (స) దానిని మార్చి జైనబ్ అని పెట్టారు. హజ్రత్ జువైరియా (రజి) పేరు కూడా ఇట్లే మార్చబడింది. దీనిని బట్టి ఒక భేదం సుస్పష్టమవుతున్నది. మనిషికి పెట్టుకున్న పేరును తగిన కారణముంటే మార్చుకొనవచ్చును. తండ్రితో ఉన్న సంబంధాన్ని, అనగా నసబ్‌ను మాత్రం మార్చే అధికారం ఎవరికీ లేదు. తెలిసి తెలిసి మరొకరిని తన తండ్రిగా చెప్పుకొనడాన్ని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసులు తీవ్రంగా నిషేధించినవి.

విడాకుల ప్రసక్తి వచ్చే ఇతర హదీసులలోను ఇదే పద్ధతి కనిపిస్తుంది. ఇద్దత్ కాలపు భరణం గురించిన ప్రసిద్ధ హదీసులోని స్త్రీ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి). సాబిత్ బిన్ ఖైస్ (రజి) నుండి ఖులా పొంది, మహర్‌గా తీసుకున్న తోటను తిరిగి ఇచ్చిన స్త్రీ పేరు ఒక ఉల్లేఖనంలో హబీబా బిన్తె సహ్ల్ (రజి). భర్తతో తెగిపోయిన సంబంధం గురించే ఆ హదీసులు చెబుతున్నా, వాటిలో స్త్రీ గుర్తింపు తండ్రి పేరుతోనే నిలిచింది.

గుర్తింపు వేరు, వంశం వేరు

అయితే భార్యను భర్త పేరుతో ప్రస్తావించడమే తప్పా అని ఒక సందేహం రావచ్చును. అట్లా అనడానికి వీలులేదు. తహ్రీమ్ సూరా చివరి ఆయత్‌లలో ఇద్దరు ప్రవక్తలైన నూహ్, లూత్‌ల భార్యల ప్రస్తావన, ఫిరౌన్ భార్య ప్రస్తావన ఉన్నవి. ఆ వెంటనే మర్యమ్ మాత్రం ఇమ్రాన్ కుమార్తెగా పేర్కొనబడింది. హదీసులలో కూడా ఒకసారి జైనబ్ అనే స్త్రీ గుమ్మంలో నిలిచి ఉన్నారని చెప్పగా, ఏ జైనబ్ అని దైవప్రవక్త (స) అడిగారు. ఇబ్నె మస్‌ఊద్ గారి భార్య అని సమాధానం చెప్పారు. దానిని ఆయన తప్పుపట్టలేదు.

కావున ఫలానా వారి భార్య అని గుర్తుపట్టడానికి చెప్పడం వేరు, భర్త పేరును వంశనామంగా తన పేరుకు అతికించుకొనడం వేరు. ఈ రెండవ పద్ధతిని అరబ్ దేశాల ఉలమాలో పలువురు అన్యుల అనుకరణగా భావించి వారించినారు. భారత ఉపఖండపు హనఫీ ముఫ్తీలలో పలువురు, అది కేవలం గుర్తింపు కొరకే అయితే, వంశం విషయంలో భ్రమ కలగకపోతే నిషిద్ధం కాదన్నారు.

ఈ అభిప్రాయభేదం వివాహం నిలిచి ఉన్నంతవరకే. విడాకులై ఇద్దత్ ముగిసిన తర్వాత దానికి తావులేదు. బకర్ భార్య అనే అర్థంతో హిందా బకర్ అని రాసుకున్న పేరు, ఆమె బకర్ భార్య కాకుండా పోయిన రోజున వాస్తవం కాని మాటగా మారిపోయింది. పేరు కూడా ఒక సాక్ష్యమే గనుక, దానిని సరిచేసుకొనడం కోపతాపాలతో కూడిన పనికాదు, సత్యానికి చెందిన పని. అయితే మునుపు తెలియక అట్లా రాయించుకున్న స్త్రీని గాని, కార్యాలయాల చుట్టూ తిరిగే స్తోమత లేక ఇంకా సరిచేసుకోలేకపోయిన స్త్రీని గాని నిందించరాదు. పొరపాటున జరిగిన దానిలో దోషం లేదనీ, బుద్ధిపూర్వకంగా చేసిన దానికే జవాబుదారీ అనీ ఆ 5వ ఆయతే ఊరటనిస్తున్నది.

ఇంకొక భ్రమ కూడా తొలగాలి. మొదటి వివాహానికి సంబంధించిన ప్రతి గుర్తునూ తుడిచివేయాలని షరీఅత్ కోరదు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అసలు పేరు హింద్ బిన్తె అబూ ఉమయ్యా. మొదటి భర్త వల్ల కలిగిన కుమారుడు సలమా పేరు మీద ఆమెకు ఆ కునియత్ వచ్చింది. భర్త మరణించి, ఆమె దైవప్రవక్త (స)ను వివాహమాడిన తర్వాత కూడా ఆ పేరు మారలేదు. సంతానంతో సంబంధం వివాహంతోపాటు ముగిసేది కాదు.

భర్త పేరు కాగితాలలోకి ఎట్లా వచ్చింది

నిజాం రాజ్యపు దస్తావేజులలో పురుషునికి వల్ద్ అని తండ్రి పేరు, వివాహిత స్త్రీకి జౌజె అని భర్త పేరు రాసేవారు. తెలంగాణా భూమి కాగితాలలో ఈ మాటలు తెలుగు లిపిలో నేటికీ కనిపిస్తవి. జౌజె అన్నది గుర్తింపు వాక్యమే తప్ప పేరులో భాగం కాదు. బేగం, బీ, ఉన్నిసా, ఖాతూన్, సుల్తానా వంటివి కూడా గౌరవ సూచకాలో, పేరులోని భాగాలో తప్ప ఇంటిపేర్లు కావు.

భర్త ఇంటిపేరు భార్యకు సంక్రమించడం ఇంగ్లండు వంటి దేశాల ఆచారం. వివాహంతో స్త్రీ చట్టపరమైన వ్యక్తిత్వం భర్తలో కలిసిపోతుందని అక్కడి పాత న్యాయం భావించేది. ఆంగ్ల పాలనతోపాటు ఆ ఆచారం వెంట వచ్చిన దరఖాస్తు పత్రాలలో పేరు, ఇంటిపేరు అని రెండు గళ్లుండేవి. ఇంటిపేరు లేని ముస్లిం స్త్రీ ఆ రెండవ గడిని ఏదో ఒకదానితో నింపవలసి వచ్చింది. గల్ఫ్ దేశాలకు ప్రయాణాలు పెరిగి పాస్‌పోర్టు అవసరమైన కుటుంబాలలో ఆ గడిలో భర్త పేరు చేరింది. అనగా ఇది షరీఅత్ చెప్పినది కాదు, చట్టం విధించినదీ కాదు. పెండ్లయిన స్త్రీ భర్త పేరు పెట్టుకొని తీరాలని భారతదేశంలో ఏ చట్టమూ లేదు. ఆదాయపు పన్ను శాఖ పాన్ కార్డు విషయంలో వివాహిత స్త్రీ సైతం భర్త పేరు కాక తండ్రి పేరే ఇవ్వాలని కోరుతూ వచ్చింది. ఈ ఒక్క కాగితంలో చాలామంది స్త్రీల గుర్తింపు అహ్‌జాబ్ సూరా చెప్పిన పద్ధతిలోనే నిలిచి ఉన్నది.

మొదట తేలవలసినది: విడాకుల రుజువు

పేరు సవరణకు వెళ్లిన ముస్లిం స్త్రీకి ఎదురయ్యే మొదటి అడ్డంకి పేరు కాదు, విడాకుల రుజువు. విడాకులంటే కోర్టు డిక్రీ అని కార్యాలయాలు భావిస్తవి. ముస్లిం విడాకులలో అధికభాగం కోర్టు వెలుపల జరుగుతవి. 1937 నాటి షరీఅత్ వర్తింపు చట్టం తలాఖ్, ఖులా, ముబారాత్‌లను పేరుపేరునా గుర్తించినప్పటికీ, వాటికి కాగితపు రుజువు ఎట్లా ఉండాలో చెప్పలేదు. కావున ఏ విధమైన విడాకులకు ఏ కాగితముంటుందో తెలిసి ఉండాలి.

తలాఖ్ అయితే తలాఖ్‌నామా, సాక్షుల సంతకాలు, ఖాజీ రికార్డు ఉండాలి. ఖాజీల దఫ్తరు మన ప్రాంతంలో పాత వ్యవస్థ. ఖాజీపేట అనే ఊరి పేరులోనే ఖాజీ ఉన్నాడు. అక్కడి దర్గాలో విశ్రమిస్తున్న హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ 19వ శతాబ్దంలో వరంగల్ ఖాజీగా ఉన్నవారు. నేటికీ నికాహ్ సియాహానామా ఖాజీ దఫ్తరులోనే నమోదవుతుంది.

ఒకేసారి మూడు తలాఖులు చెప్పి పంపివేసిన సందర్భం మరింత చిక్కైనది. దానిని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2019 నాటి చట్టం దానిని చెల్లనిదిగా, శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది. కనుక హనఫీ ఉలమా దృష్టిలో ఆ స్త్రీ విడాకులు పొందినదైనా, చట్టం దృష్టిలో ఇంకా భార్యే. ఆ కాగితాన్ని చూపి పేరు సవరణ కోరడం వల్ల ప్రయోజనముండదు. అటువంటి స్త్రీ కుటుంబ న్యాయస్థానం ద్వారా తన స్థితిని తేల్చుకొనడమే శ్రేయస్కరం.

ఖులా అయితే ఖులానామా, ఇరుపక్షాల సమ్మతితో విడిపోయినట్లయితే ముబారాత్ ఒప్పందపత్రం ఉంటవి. భర్త ఆచూకీ లేకపోవడం, పోషించకపోవడం, క్రూరంగా ప్రవర్తించడం వంటి కారణాలపై 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద పొందినదైతే కోర్టు డిక్రీయే ఉంటుంది. దానికి మించిన రుజువు అక్కరలేదు.

ఖులా విషయంలో తెలంగాణ హైకోర్టు 2025 జూన్ 24న ఇచ్చిన తీర్పు ప్రధానమైనది. జస్టిస్ మౌసుమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావులతో కూడిన ధర్మాసనం, ఖులా కోరే హక్కు భార్యకు సంపూర్ణంగా ఉన్నదనీ, అది భర్త అంగీకారం మీద ఆధారపడదనీ చెప్పింది. ముఫ్తీగాని, మతసంస్థగాని ఇచ్చే ఖులానామా సలహా వంటిదే గనుక, ఆ విడాకులకు కుటుంబ న్యాయస్థానం ముద్ర అవసరమనీ, రాజీ ప్రయత్నం జరిగిందా, మహర్ తిరిగి ఇవ్వజూపినదా అని చూసి కోర్టు త్వరగా తేల్చాలనీ వివరించింది. సాంప్రదాయిక హనఫీ ఫిఖహ్‌లో ఖులాకు భర్త సమ్మతి షరతు. ఈ తీర్పు ఆ షరతును అంగీకరించలేదు. కనుక దీనులో సందేహం మిగలకుండా, దునియాలో ఇబ్బంది రాకుండా ఉండగోరే స్త్రీ రెండు కాగితాలూ సంపాదించుకొనడం మేలు: ఖాజీ లేదా దారుల్ ఖజా ఇచ్చిన పత్రం ఒకటి, కుటుంబ న్యాయస్థానం ఉత్తర్వు రెండవది. వివాహస్థితిని ప్రకటించే అధికారం 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కింద ఆ కోర్టులకు ఉన్నది.

ఇక సమయం. రజయీ తలాఖ్‌లో ఇద్దత్ ముగిసేవరకు వివాహం పూర్తిగా తెగిపోదు. భర్త ఆమెను తిరిగి స్వీకరించవచ్చును. ఇద్దత్ సాధారణంగా మూడు రుతుకాలాలు, రుతుస్రావం లేనివారికి మూడు నెలలు, గర్భవతికి ప్రసవం వరకు. కనుక ఇద్దత్ గడవకముందే విడాకులు పొందినదానను అని ప్రమాణపత్రం రాసి ఇవ్వడం సరికాదు.

పేరు సవరణ పద్ధతి

రుజువు చేతికి వచ్చిన తర్వాత కాగితాలన్నీ ఒకచోట పెట్టి రెండు భాగాలుగా విడదీయాలి. పేరు సరిగానే ఉండి, పక్కన భర్త అనే గడిలో మాత్రమే బకర్ పేరున్నవి ఒక భాగం. పేరులోనే బకర్ చేరినవి రెండవ భాగం. మొదటి భాగానికి పేరు మార్పు అక్కరలేదు. సంబంధం గడిని సవరిస్తే చాలును. రెండవ భాగానికి మాత్రమే పేరు మార్పు విధానం కావాలి. ఈ భేదం తెలియక ఖర్చు, శ్రమ రెట్టింపు చేసుకునేవారున్నారు.

ఈ సందర్భంలో పదవ తరగతి మెమోకు ఉన్న విలువ గొప్పది. అది పెండ్లికి ముందటిది. తండ్రి పేరుతో ఉన్నది. హిందా కోరేది కొత్త పేరు కాదు, ఆ మెమోలోని పేరే. కాబట్టి ఆమె దరఖాస్తులో ఈ సంగతి స్పష్టంగా రాయాలి. చదువుకోని స్త్రీకి మెమో ఉండదు. ఆమెకు జనన ధ్రువపత్రమో, తండ్రి పేరు రాసి ఉన్న నికాహ్ సియాహానామాయో ఆ పని చేస్తుంది.

పేరు మార్పుకు మూడు మెట్లున్నవి. మొదటిది ప్రమాణపత్రం. స్టాంపు కాగితం మీద పాత పేరు, కావలసిన పేరు, తండ్రి పేరు, చిరునామా, కారణం రాసి, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని ప్రకటించి, నోటరీ ముందు సంతకం చేయాలి. చిరునామా విషయంలో వరంగల్ వారికి ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. 2016లో ఏర్పడిన వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ జిల్లాలు 2021 ఆగస్టులో హనుమకొండ, వరంగల్ జిల్లాలుగా మారినవి. ఊళ్లకూ పేరు మార్పులు తప్పలేదు. 1323లో ఓరుగల్లు కూడా కొంతకాలం సుల్తాన్‌పూర్ అయింది. పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త కాగితంలో మరొక జిల్లా కనిపిస్తే, రెండూ ఒక్కటే చిరునామా అని ప్రమాణపత్రంలోనే ఒక వాక్యం రాయించడం మంచిది.

రెండవది పత్రికా ప్రకటన. పాత పేరు, కొత్త పేరు, చిరునామాతో చిన్న ప్రకటన వేయించి, ఆ పత్రికల ప్రతులను భద్రపరచాలి. విడాకుల కారణాలు, భర్త మీద ఫిర్యాదులు అందులో రాయవలసిన పనిలేదు. పరస్పర గౌప్యతను కాపాడడం విడిపోయిన తర్వాత కూడా ధర్మమే.

మూడవది గెజెట్. తెలంగాణ వాస్తవ్యులు హైదరాబాదు చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణ శాఖ కమిషనరు కార్యాలయం ద్వారా రాష్ట్ర గెజెట్‌లో ప్రకటన పొందవచ్చును. కేంద్ర గెజెట్‌లో కావలసినవారు ఢిల్లీలోని ప్రచురణల శాఖకు దరఖాస్తు పంపాలి. కేంద్ర పద్ధతిలో ఒక అభ్యంతరకరమైన షరతు వివాదానికి దారితీసింది. పుట్టింటి పేరును తిరిగి పెట్టుకోగోరే వివాహిత స్త్రీ విడాకుల డిక్రీ ప్రతినిగాని, భర్త ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్నిగాని జతపరచాలని ఒక నోటిఫికేషన్ కోరింది. దీనిని ప్రశ్నిస్తూ దాఖలైన పిటిషన్‌పై 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని సమాధానం కోరింది. తండ్రి ఇచ్చిన పేరు వాడుకొనడానికి భర్త అనుమతి కావాలనడం ఇస్లాం దృష్టిలో కూడా వింతగానే తోస్తుంది. కోర్టు వెలుపల విడిపోయిన ముస్లిం స్త్రీకి డిక్రీ ఉండదు. విడిచిపెట్టిన భర్త నిరభ్యంతర పత్రం ఇవ్వడు. కుటుంబ న్యాయస్థానం ఉత్తర్వు ముందుగానే చేతిలో ఉండాలనడానికి ఇది మరొక కారణం.

పేరు మనిషి గుర్తింపులో అంతర్భాగమనీ, తన పేరు మీద వ్యక్తికి హక్కున్నదనీ సుప్రీంకోర్టు 2021 జూన్ 3న, సి.బి.ఎస్.ఇ. సర్టిఫికెట్లలో సవరణలకు సంబంధించిన తీర్పులో చెప్పింది. కార్యాలయంలో అకారణంగా తిరస్కరిస్తే ఈ సూత్రాన్ని ఆశ్రయించవచ్చును.

గెజెట్ వచ్చిన తర్వాత మిగిలిన కాగితాలు ఒక క్రమంలో సవరించుకోవాలి. మొదట ఆధార్. అందులో పేరును జీవితకాలంలో రెండు పర్యాయాలు మాత్రమే మార్చుకొనే వీలున్నది. కనుక ఇంగ్లీషు అక్షరక్రమం ముందే తేల్చుకోవాలి. ఫాతిమా పేరులో ఒకచోట హెచ్ అక్షరం చేర్చి, మరొకచోట విడిచిపెట్టి, ముహమ్మద్ పేరును నాలుగు రకాలుగా రాసి చిక్కులు తెచ్చుకొనడం మనవారికి అలవాటే. మెమోలో ఉన్న అక్షరక్రమాన్నే అంతటా పాటించడం క్షేమం. ఆధార్ తర్వాత పాన్, బ్యాంకు ఖాతా. ఓటరు జాబితాకు 8వ నంబరు ఫారం. ఆ తర్వాత రేషన్ కార్డు, భూమి ఉన్నవారికి పట్టాదారు పాసుపుస్తకం.

పాస్‌పోర్టులో ఒక సౌలభ్యమున్నది. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ ప్రకటించిన నిబంధనల ప్రకారం విడాకులు పొందినవారు, వేరుగా ఉంటున్నవారు మాజీ భర్త పేరు రాయనక్కరలేదు. అందుకు డిక్రీ కూడా చూపనక్కరలేదు. కాని పాస్‌పోర్టులో స్వంత పేరులోనే భర్త పేరు చేరి ఉంటే, దానిని తొలగించడానికి పేరు మార్పు రుజువు కావాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేయరాదు.

పాత పేరుతో ఉన్న కాగితాలను పారవేయడం పెద్ద పొరపాటు. మహర్ బకాయి, భరణం దావా, పెండ్లినాటి సామగ్రి జాబితా ఆ పేరుతోనే ఉంటవి. పేరు మారినంత మాత్రాన ఈ హక్కులు ఏవీ పోవు. 1986 నాటి చట్టం కింద మహర్, న్యాయమైన ఏర్పాటు కోరే హక్కున్నది. 2024 జూలై 10న తెలంగాణ నుండి వెళ్లిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ సాధారణ క్రిమినల్ ప్రక్రియా చట్టం కింద కూడా భరణం కోరవచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది. పాత పేరునూ కొత్త పేరునూ కలిపే వంతెన గెజెట్ ప్రతి. దానిని పాత నికాహ్‌నామాతో జతచేసి ఉంచుకోవాలి.

పిల్లల పేరు

ఈ వ్యవహారంలో అత్యంత సున్నితమైనది పిల్లల సంగతి. తల్లి తన కాగితాల నుండి బకర్ పేరును తొలగించుకొనడం ఆమె హక్కు. అదే ఊపులో పిల్లల కాగితాల నుండి తండ్రి పేరు తొలగించడం మాత్రం ఆమె హక్కు కాదు. తల్లిని తన తండ్రి పేరుకు తిరిగి చేర్చిన ఆయతే బిడ్డను బకర్ పేరుకు కట్టి ఉంచుతున్నది. తండ్రి చెడ్డవాడు కావచ్చును, నెలనెలా ఖర్చు పంపకపోవచ్చును. అయినా నసబ్ అతని ఆస్తి కాదు, బిడ్డ హక్కు. వారసత్వం, పోషణ, మహ్రమ్ సంబంధాలు అన్నీ దాని మీదనే ఆధారపడినవి.

పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రులలో ఒక్కరి పేరిస్తే చాలునని అదే 2016 నిబంధన చెబుతున్నది. ఒంటరి తల్లికి అది మేలైన వెసులుబాటు. తండ్రి సంతకం కొరకు వేడుకోవలసిన అవస్థను అది తప్పించింది. అవసరమున్నచోట దానిని వాడుకొనడంలో తప్పులేదు. ఎందుకంటే ఒక గడిని ఖాళీగా విడవడం వేరు, అందులో మరొకరి పేరు రాయడం వేరు. హిందా మరల వివాహం చేసుకొని, రెండవ భర్త ఎంత ప్రేమతో ఆ బిడ్డను పెంచినా, పాఠశాల రిజిస్టరులో తండ్రి గడిలో అతని పేరు రాయించరాదు. అతడు సంరక్షకుని గడిలో సంతకం చేయవచ్చును. పెంచిన ప్రేమకు లోటులేకుండానే జైద్ (రజి) తిరిగి బిన్ హారిసా అయినారు. పెంచినవారి గౌరవం తగ్గలేదు, కన్నవారి పేరు పోలేదు.

పిల్లల జనన ధ్రువపత్రాలలో తల్లి పేరు హిందా బకర్ అని ఉంటే, బడిలో చేర్చేటప్పుడు తల్లి కొత్త ఆధార్‌తో అది సరిపడదు. అప్పుడు కూడా గెజెట్ ప్రతి చూపితే సరిపోతుంది.

సమాజం బాధ్యత

ఈ చిక్కులలో అధికభాగం నికాహ్ నాడే నివారించదగినవి. నికాహ్ సియాహానామాలో వధువు పేరు, ఆమె తండ్రి పేరు మెమోలోని అక్షరక్రమంతో రాయించాలి. పెండ్లయిన తర్వాత ఏ దరఖాస్తులోనైనా ఇంటిపేరు గడి వచ్చినప్పుడు భర్త పేరుతో నింపకుండా తన పేరులోని రెండవ భాగాన్ని రాయాలి. భర్త అనే గడి ఉంటే అందులో భర్త పేరు రాయడానికి అభ్యంతరం లేదు. ఈ మూడు జాగ్రత్తలు పాటించిన స్త్రీకి, దైవం తలవని విధంగా వివాహం విడిపోయినా, పేరు కొరకు గెజెట్‌కు వెళ్లవలసిన అగత్యమే ఉండదు. విధవరాలికి కూడా ఇదే మేలు చేకూరుతుంది.

విడాకులు పొందిన కూతురు పుట్టింటికి తిరిగి వచ్చినప్పుడు ఆమె భారమనీ, పేరు పోగొట్టుకొని వచ్చిందనీ భావించే కుటుంబాలు ఇంకా ఉన్నవి. ఆమె పోగొట్టుకున్న పేరేదీ లేదు. నికాహ్ మజ్లిస్‌లో ఖాజీ చదివినది ఫలానా వారి కుమార్తె అనే. ఆ వాక్యం ఆ రోజు నిజం, వివాహం నిలిచి ఉన్నన్నాళ్లూ నిజం, అది ముగిసిన తర్వాత కూడా నిజమే. ఆ నిజాన్ని ఆమె కాగితాలలోకి తిరిగి తేవడానికి తండ్రి, సోదరులు కార్యాలయాల మెట్లు ఎక్కవలసి వస్తే ఎక్కడం, ఖర్చు భరించడం ఉపకారం కాదు, వారి మీద ఉన్న బాధ్యత. ఆ బాధ్యత నెరవేర్చే తౌఫీఖ్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక.